వాగు అవతలి వైద్యం: ఫిజీషియన్ అసిస్టెంట్లకు ఏం నేర్పాలి, ఎక్కడ నేర్పాలి

వరంగల్, హనుమకొండల్లో ఫిజీషియన్ అసిస్టెంట్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది పెద్ద ప్రైవేటు ఆసుపత్రే. డాక్టరు రౌండుకు వచ్చేలోపు కేసు షీట్లు సిద్ధం చేయడం, రిపోర్టులు ఒకచోట చేర్చడం, ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ పక్కన నిలబడటం, డిశ్చార్జి కాగితాలు రాయడం వాళ్ల పని. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మన దేశంలో ఈ కోర్సు మొదలైందే గుండె వైద్యం చుట్టూ: 1992లో, చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో. పుట్టినచోటి పోలిక దానికి ఇంకా పోలేదు.

అమెరికాలో మాత్రం ఈ వృత్తి పుట్టడానికి కారణం వేరు. అక్కడ పల్లెల్లో డాక్టర్లు చాలడం లేదు. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో యూజీన్ స్టెడ్ మొదలుపెట్టిన తొలి తరగతిలో చేరినవాళ్లు నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవాళ్లు. 1967లో ముగ్గురు పట్టా తీసుకున్నారు. డ్యూక్ తరగతి మొదలైన నాలుగేళ్లకు, 1969లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మిత్ మొదలుపెట్టిన మెడెక్స్ పద్ధతి మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. తరగతి గదిలో మూడు నెలలు, ఆ తర్వాత ఒక పల్లె డాక్టరు దగ్గర 12 నెలలు. పాఠం తక్కువ, పక్కన కూర్చుని నేర్చుకోవడం ఎక్కువ. ఏ డాక్టరుతో కలిసి పనిచేయబోతున్నారో చాలాసార్లు ఆ డాక్టరు దగ్గరే శిక్షణ.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీ ఊళ్లకు పనికొచ్చే ఫిజీషియన్ అసిస్టెంట్‌ను తయారు చేయాలంటే పట్టుకోవాల్సింది ఈ రెండో దారినే. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. పల్లె దవాఖానాలో ఉండే మిడ్‌ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ అయినా, ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేసిన నర్సు అయినా, నాలుగేళ్ల బీఎస్సీ చేసిన ఫిజీషియన్ అసిస్టెంట్ అయినా, ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి రావాల్సిన విద్య ఒక్కటే. ఎదురుగా ఉన్న రోగిని ఇక్కడే ఉంచి చూసుకోవాలా, ఇప్పుడే పంపాలా అన్నది తేల్చడం. మిగతా చదువంతా ఆ నిర్ణయం కోసమే. మన శిక్షణల్లో రోగాల పేర్లు, మందుల పేర్లు నేర్పుతారు, ఈ నిర్ణయాన్ని మాత్రం విడిగా ఒక విద్యగా నేర్పడం అరుదు.

దూరం, వాన

పుస్తకంలో లక్షణాన్ని బట్టి రిఫరల్, అంటే పై ఆసుపత్రికి పంపడం, ఉంటుంది. ఏజెన్సీలో లక్షణంతో పాటు దారి కూడా లెక్కే. ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల దూరం. జాతీయ రహదారి బాగానే ఉంటుంది, కానీ రహదారి దాకా రావడమే కష్టం. గూడేనికీ తారు రోడ్డుకీ మధ్య ఒక వాగు, కొన్నిచోట్ల రెండు. 2023 జూలై చివరి వారంలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకుముందు ఎన్నడూ నమోదు కానంత వాన. అదే వానకు జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచింది. అలాంటి రోజు 108కు ఫోన్ చేసినా బండి వాగు ఒడ్డునే ఆగిపోతుంది.

అందుకే 38 వారాల గర్భిణికి రక్తపోటు 136/88 ఉంటే, ఎండాకాలంలో మూడు రోజుల తర్వాత మళ్లీ చూడొచ్చు. భారీ వాన హెచ్చరిక ఉన్నరోజు అదే అంకెకు అదే సాయంత్రం ఆసుపత్రి దగ్గరికి తరలించడమే సరైన నిర్ణయం. రోగి మారలేదు, దారి మారింది. శిక్షణలో ప్రతి కేసు చర్చకూ "ఇవాళ వాగు దాటొచ్చా? రేపు?" అన్న ప్రశ్న జోడించాలి. మొదట్లో విద్యార్థులకు ఇది వైద్యానికి సంబంధం లేని సంగతిలా అనిపించవచ్చు. ఒక వానాకాలం గడిస్తే అలా అనిపించదు.

జ్వరం: కిట్టు చెప్పేది, చెప్పనిది

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఓపీకి వచ్చేవాళ్లలో సగం మాట జ్వరమే. మలేరియా ర్యాపిడ్ కిట్టుతో పరీక్ష చేయడం పది నిమిషాల్లో నేర్పొచ్చు. దాని తప్పులు నేర్పడానికి ఎక్కువ సమయం పడుతుంది. రెండు వారాల కింద ఫాల్సిపేరం మలేరియాకు మందు వాడి బాగైన మనిషి వైరల్ జ్వరంతో వస్తే, కిట్టులో పాత గీతే మళ్లీ కనబడొచ్చు, ఎందుకంటే అది పట్టుకునే ప్రొటీన్ రక్తంలో వారాల తరబడి ఉంటుంది. గత నెలలో ఏం మందు వాడారో అడగకుండా గీత చూసి మందు రాస్తే అసలు రోగం తప్పిపోతుంది. రెండోది ఎండ. మే నెలలో 44, 45 డిగ్రీలు దాటే చోట రేకుల గదిలో పెట్టిన కిట్లు గడువు తీరకముందే పాడవుతాయి. కిట్టు పనిచేస్తోందని చూపే నియంత్రణ గీత రాకపోతే ఆ కిట్టును పక్కన పెట్టి కొత్తది వాడాలి. అన్నీ నెగెటివ్ వస్తున్నాయంటే ఊళ్లో మలేరియా లేదని కాదు, కిట్ల పెట్టె ఎక్కడ ఉందో చూడాలి.

మందు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఫాల్సిపేరానికి మన ప్రాంతంలో ఆర్టిసునేట్, సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్ కలిపిన మూడు రోజుల ప్యాకెట్, రెండో రోజు కిలోకు 0.75 మి.గ్రా. చొప్పున ఒకే మోతాదు ప్రైమాక్విన్. వైవాక్స్ రకం మలేరియాకు మూడు రోజుల్లో కిలోకు మొత్తం 25 మి.గ్రా. క్లోరోక్విన్, ఆపైన కిలోకు 0.25 మి.గ్రా. ప్రైమాక్విన్ 14 రోజులు. ఈ 14 రోజుల కోర్సు దగ్గరే రెండు రకాలుగా దెబ్బ తగులుతుంది. నాలుగో రోజుకు జ్వరం తగ్గి చేను పనికి వెళ్లిపోతారు, మిగిలిన గోలీలు చూరులో ఉంటాయి, రెండు నెలలకు జ్వరం మళ్లీ వస్తుంది. ఇంకోటి ప్రమాదకరం. జీ6పీడీ (ఎర్రరక్త కణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్ ఎర్రరక్త కణాలను చిట్లిస్తుంది. మలేరియా ఉండే అడవి ప్రాంతాల ఆదివాసీ సమూహాల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది, అవే ఊళ్లలో ఎర్రరక్త కణాలు కొడవలి ఆకారానికి మారే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ కూడా ఉంటుంది. కాబట్టి మందిచ్చేటప్పుడే "మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, కళ్లు పచ్చబడితే గోలీ ఆపి వెంటనే రండి" అన్న మాట, కోయలోనో గోండిలోనో లంబాడీలోనో, రోగి తిరిగి చెప్పేదాకా చెప్పాలి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. "చివరి నెలసరి ఎప్పుడు?" అన్న ప్రశ్నను మగ విద్యార్థులు మొహమాటంతో వదిలేస్తే, ఆ మొహమాటమే తప్పుడు మందుకు దారి తీస్తుంది. మలేరియా పాఠంలో ఆ ప్రశ్న అడగడం కూడా సాధన చేయించాలి.

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపు వాళ్లకు పరీక్షలు చేయించి కార్డులిస్తోంది. ఏజెన్సీలో జ్వరం కేసు వచ్చినప్పుడు ముందు ఆ కార్డు అడగాలి. సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లవాడికి జ్వరం వస్తే "రేపు చూద్దాం" కుదరదు.

పిల్లల ఊపిరి

అయిదేళ్లలోపు పిల్లల దగ్గు విషయంలో నేర్పాల్సింది నిజానికి ఒక లెక్క. నిమిషానికి ఊపిరి రెండు నెలలలోపు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్లలోపు 40, ఆ అంకెకు చేరినా దాటినా వేగంగా ఆడుతున్నట్టే. ఇది అందరికీ నోటికొస్తుంది. తప్పు జరిగేది లెక్కపెట్టడంలో. అరనిమిషం చూసి రెట్టింపు చేస్తారు, ఏడుస్తున్న బిడ్డను చూస్తారు, పాలు తాగుతున్నప్పుడు చూస్తారు, చొక్కా ఎత్తకుండా చూస్తారు. నిండు 60 సెకన్లు, బిడ్డ తల్లి ఒడిలో నెమ్మదించాక, పొట్ట కనబడేలా లెక్కపెట్టాలి. డొక్కలెగరేయడం, పాలు తాగలేకపోవడం, మగతగా ఉండటం, ఫిట్స్ ఉంటే లెక్క పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, మొదటి మోతాదు యాంటీబయాటిక్ ఇచ్చి పంపాలి. వేగంగా ఊపిరి తీస్తున్నా ఈ ప్రమాద సూచనలేవీ లేని బిడ్డకు బరువును బట్టి అమోక్సిసిలిన్ ఇచ్చి ఇంట్లోనే ఉంచొచ్చు, రెండో రోజు తప్పకుండా మళ్లీ చూడాలి. ఆ రెండో చూపు లేకపోతే ఉంచడమే తప్పు.

ఈ పని డాక్టరు కాని మనిషి చేయగలడా అన్న అనుమానానికి జవాబు పక్కనే ఉంది. ప్రాణహిత, గోదావరులు దాటితే గడ్చిరోలి. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల సెర్చ్ సంస్థ 39 ఊళ్లలో గ్రామ మహిళలకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పింది. 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన వాళ్ల అధ్యయనంలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఆ మహిళలు చదివింది కొద్ది తరగతులే. కానీ నేర్పింది కొద్ది పనులు, ప్రతి పనీ మళ్లీ మళ్లీ, పైన క్రమం తప్పని పర్యవేక్షణ.

పాము, పురుగుల మందు

పత్తి, మిర్చి, వరి చేన్ల మధ్య ఉండే ఊళ్లలో ఇవి రెండూ అత్యవసర వైద్యంలో పెద్ద భాగం. పాముకాటులో గడ్డకట్టే పరీక్ష ఎంత చిన్నదో అంత సులభంగా చెడిపోతుంది. 2 మి.లీ. రక్తం శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి, తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ గొట్టంలో రక్తం గడ్డకట్టే తీరు నమ్మలేం. సబ్బుతో కడిగి మళ్లీ వాడిన గాజు గొట్టమూ అంతే. మధ్యలో ఎవరైనా ఎత్తి చూస్తే మళ్లీ మొదటికి. గడ్డకట్టకపోతే రక్తపింజర లేదా చిన్నపింజర విషం ఒంట్లో పనిచేస్తున్నట్టు. పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన గండం గడిచిందనుకోకూడదు. కట్లపాము, నాగుపాము విషం నరాల మీద పనిచేస్తుంది, ఈ పరీక్షలో దొరకదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కాటు గుర్తు ఏదీ లేకుండా, కనురెప్పలు వాలుతూ వస్తే అది కట్లపాము అనుకుని నడవాలి. ఈ ఒక్క చిత్రం మనసులో నాటుకుపోతే "గ్యాస్ నొప్పి" అని సూది వేసి ఇంటికి పంపే తప్పు జరగదు.

విరుగుడు సీరం మొదటి మోతాదు 10 వయల్స్. పిల్లలకూ అంతే, ఎందుకంటే కాటేసేది చిన్నబిడ్డనని పాము విషం తగ్గించదు. సీరం ఎక్కించేముందు 1:1000 అడ్రినలిన్ 0.5 మి.లీ. సిరంజిలో లాగి పక్కన పెట్టుకోవాలి, పిల్లలకు బరువును బట్టి. రియాక్షన్ భయంతో సీరం ఇవ్వకుండా పైకి పంపేయడమే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) స్థాయిలో ఎక్కువగా జరిగే పొరపాటు. దారిలో పోయే రెండు గంటలు తిరిగి రావు. ఫిజీషియన్ అసిస్టెంట్ ఉపకేంద్రంలో ఒంటరిగా ఉంటే సీరం మొదలుపెట్టే పని తనది కాదు. కాలు కదలకుండా కట్టి, గట్టిగా బిగించిన తాడు ఉంటే సీరం దొరికే చోట విప్పేలా చూసి, పీహెచ్‌సీకి ముందే ఫోన్ చేసి పంపడం తన పని. పీహెచ్‌సీలో డాక్టరు ఉంటే సీరం మొదలుపెట్టడంలో చేయి కలపగలగాలి.

పురుగుల మందు తాగిన కేసులో డబ్బా తెమ్మనడం మొదటి పని. ఆర్గానోఫాస్ఫేట్ అయితే చెమట, చొంగ, చిన్నబడిన కంటిపాపలు, ఛాతీలో గురగుర. ఊపిరితిత్తులు పొడిబారేదాకా అట్రోపిన్‌ను అయిదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోవాలి. కంటిపాప పెద్దదయిందని ముందే ఆపేస్తారు, చూడాల్సింది ఛాతీని. డబ్బా మీద పారాక్వాట్ అనే గడ్డిమందు పేరు ఉంటే, అలవాటుగా ఆక్సిజన్ పెట్టడం హాని. ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప పెట్టకూడదు, ఎందుకంటే అది ఊపిరితిత్తుల నష్టాన్ని పెంచుతుంది. ఈ మందుకు విరుగుడు లేదు. మొదటి రోజు మనిషి కూర్చుని మాట్లాడుతుంటే బాగున్నాడనుకుని ఇంటికి తీసుకుపోతారు. కుటుంబానికి నిజం ఎలా చెప్పాలో కూడా శిక్షణలో ఉండాల్సిందే.

ఫిట్స్ రాకముందే

తీవ్రమైన గుర్రపువాతం, అంటే గర్భిణికి రక్తపోటు 160/110కి చేరి మూత్రంలో ఆల్బుమిన్‌తో పాటు తలనొప్పి, కళ్లు మసకలు ఉంటే, పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇవ్వాలి: ఒక్కో పిరుదులో లోతుగా 5 గ్రాములు, మొత్తం 10 గ్రాములు. మన దగ్గర దొరికే 50 శాతం ఆంప్యూల్‌లో 2 మి.లీ.కి 1 గ్రాము. అంటే ఒక్కో వైపు అయిదు ఆంప్యూల్స్, 10 మి.లీ. లెక్క విన్న చాలామందికి నమ్మకం కుదరదు, ఒకటో రెండో ఆంప్యూల్స్ ఇచ్చి ఊరుకుంటారు. దారిలో ఫిట్స్ వస్తాయి. ఈ లెక్కను కాగితం మీద చూపిస్తే చాలదు. ఖాళీ ఆంప్యూల్స్, 10 మి.లీ. సిరంజిలు, లోతు సూది పెట్టి విద్యార్థి చేత పదిసార్లు కొలిపించాలి. ఇచ్చిన సమయం, మోతాదు రిఫరల్ చీటీలో పెద్దగా రాయకపోతే పై ఆసుపత్రిలో మళ్లీ పూర్తి మోతాదు పడే ప్రమాదం ఉంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు. కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్ సంగతి ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి.

రక్తపోటు, షుగరు గురించి తక్కువ చెప్పినా చాలు. ఇక్కడ నైపుణ్యం కన్నా ఓపిక ముఖ్యం: అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, మాట్లాడించకుండా, చేతికి సరిపడే పట్టీతో రెండుసార్లు కొలవడం, గోలీ మొదలుపెట్టాక 30 రోజులకు మళ్లీ చూడటం, రానివాళ్ల జాబితాను ఆశాకు ఇవ్వడం.

ఏడాది ఎక్కడ గడవాలి

ఇంటర్న్‌షిప్‌లో ఉన్న 52 వారాలను పంచే తీరులోనే కోర్సు తలరాత ఉంటుంది. ప్రాథమిక వైద్యానికైతే ఈ పంపకం పనికొస్తుంది: పీహెచ్‌సీలో 20 వారాలు, పల్లె దవాఖానా లేదా ఉపకేంద్రంలో 10, ఏరియా ఆసుపత్రి అత్యవసర విభాగంలో 8, ప్రసూతి వార్డులో 6, పిల్లల వార్డులో 6, 108 బండిలో 2. బండిలో రెండు వారాలు వృథా అనిపించవచ్చు. కానీ రోగి దారిలో ఏమవుతాడో, అరకొర రాసిన రిఫరల్ చీటీ అవతలి చివర ఎంత కష్టం తెస్తుందో అక్కడే కనబడుతుంది.

పంపకం కన్నా పెద్ద విషయం క్యాలెండరు. పీహెచ్‌సీ పోస్టింగు జనవరి నుంచి ఏప్రిల్ మధ్య పడితే విద్యార్థి మలేరియా చూడడు, డెంగీ చూడడు, పాముకాటు ఒకటో రెండో చూస్తాడు. పట్టా చేతికి వచ్చాక తొలి జూలైలోనే అన్నీ ఒకేసారి మీద పడతాయి. పీహెచ్‌సీ 20 వారాల్లో కనీసం సగం జూలై, అక్టోబరు మధ్యలో ఉండాలి. అన్ని బ్యాచ్‌లకూ వీలు కాకపోతే విద్యార్థులను రెండు జట్లు చేసి మార్చుకోవడం తప్ప దారి లేదు. విశ్వవిద్యాలయ పరీక్షల షెడ్యూలు వానాకాలాన్ని మింగేయకుండా చూడటం పాలనాపరమైన చిన్న పనిలా కనిపిస్తుంది, ఫలితంలో మాత్రం ఒక పూర్తి సబ్జెక్టుకు సమానం.

లాగ్‌బుక్‌లో గంటలు కాదు, పనులు లెక్కించాలి. ఒకరు చూస్తుండగా చేసిన 100 శ్వాస లెక్కలు, 50 ర్యాపిడ్ కిట్లు, 40 గర్భిణి పరీక్షలు, 10 గడ్డకట్టే పరీక్షలు, 20 రిఫరల్ ఫోన్లు అనుకుందాం. చివరి అంకెను చూసి నవ్వుకోనక్కర్లేదు. ఫోన్‌లో రోగి గురించి చెప్పడం నేర్చుకోవాల్సిన విద్యే. ఎవరు, ఏం కనబడింది, ఏం ఇచ్చాం, ఎన్నింటికి, ఇప్పుడు మీ నుంచి ఏం కావాలి, ఈ అయిదూ ఒక నిమిషంలో రావాలి. "సార్, ఒక సీరియస్ పేషెంట్ వస్తుండు" అంటే అవతలివాళ్లు ఏ ఏర్పాటూ చేయలేరు.

ఎవరిని చేర్చుకోవాలి

ఆదివాసీ యువతనే తీసుకోవాలన్న మాట అందరూ ఒప్పుకుంటారు. డాక్టర్లు నిలవని చోట ఇలాంటి సహాయకులు నిలుస్తారని దూరదేశపు అనుభవం చెబుతోంది. మొజాంబిక్‌లో మూడేళ్ల శిక్షణతో తయారైన శస్త్రచికిత్స సహాయకుల్లో ఏడేళ్ల తర్వాత కూడా 88 శాతం మంది జిల్లా ఆసుపత్రుల్లోనే ఉన్నారు. అదే కాలంలో అక్కడికి వెళ్లిన డాక్టర్లలో ఒక్కరూ మిగల్లేదు. కానీ మన దగ్గర ఎంపిక నిబంధన రాసేటప్పుడు ఒక పాఠం మరవకూడదు. ఏజెన్సీ ప్రాంత టీచరు పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక ఆదివాసీలకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. అదే తీరులో రాసిన నిబంధన అదే చోట ఆగుతుంది. ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని పాఠశాలల్లో చదివినవాళ్లకు, కోయ, గోండి, కొలామి, లంబాడీ మాట్లాడగలవాళ్లకు అదనపు మార్కులు, ఇంటర్‌లో సైన్సు బలహీనంగా ఉన్నవాళ్లకు చేర్చుకునేముందు ఆరు నెలల పునాది తరగతి, ఇలాంటివి నిలబడే దారులు. పునాది తరగతి లేకుండా సీటు ఇవ్వడమంటే మొదటి ఏడాదిలోనే వెనక్కి పంపడానికి సీటు ఇచ్చినట్టు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలేసుకున్న గుత్తికోయల భాష తెలిసిన మనిషి ఒకరు జట్టులో ఉంటే టీకాల పని కూడా తేలికవుతుంది.

చట్టం ముందు, బ్యాచ్ తర్వాత

ఎంబీబీఎస్ కన్నా చిన్న వైద్య కోర్సులు మన దేశంలో కొత్త కాదు. స్వాతంత్ర్యానికి ముందు లైసెన్షియేట్లు ఉండేవారు, నాటి డాక్టర్లలో ఎక్కువమంది వాళ్లే. దేశ ఆరోగ్య వ్యవస్థపై 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ ఒకే స్థాయి డాక్టరు చాలని తేల్చడంతో ఆ దారి మూసుకుపోయింది. 2001లో ఛత్తీస్‌గఢ్ మూడేళ్ల కోర్సు తెచ్చింది. వాళ్లు రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా పీహెచ్‌సీల్లో చేరాక జరిగిన అధ్యయనంలో ప్రాథమిక వైద్యంలో వాళ్ల పనితనం ఎంబీబీఎస్ వైద్యాధికారులకు దాదాపు సమానంగా కనబడింది. అయినా హోదా, పేరు, రిజిస్ట్రేషన్ తగాదాల్లో ఆ కోర్సు ఆగిపోయింది. అసోంలో 2004 చట్టం కింద మొదలైన గ్రామీణ వైద్య డిప్లొమాను గౌహతి హైకోర్టు 2014లో కొట్టేసింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించి, పాస్ అయినవాళ్లు 2015లో రాష్ట్రం తెచ్చిన మరో చట్టం కింద పని కొనసాగించడానికి మాత్రం ఒప్పుకుంది. చదివిన పిల్లలు ఎనిమిదేళ్లకు పైగా తమ పట్టా చెల్లుతుందో లేదో తెలియకుండా బతికారు.

జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 32వ సెక్షన్ పరిమిత లైసెన్సుతో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు చోటు చూపింది: ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులు సొంతంగా, మిగతావి డాక్టరు పర్యవేక్షణలో. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజీషియన్ అసోసియేట్ వృత్తిని గుర్తించింది. ఈ రెండింటి మధ్య ఏజెన్సీలో కూర్చున్న మనిషి ఏ మందు సొంతంగా రాయొచ్చన్నది రాష్ట్రం ఒక జాబితాగా రాసి, సంతకం చేసి, గోడకు అంటించేంత స్పష్టంగా ఇవ్వాలి. అది లేకుండా బ్యాచ్ మొదలుపెడితే మొదటి ప్రమాదంలో ఆ కుర్చీలో ఉన్న మనిషే బలి అవుతారు.

పేదలకు సగం డాక్టరా అన్న అభ్యంతరం కూడా ఇక్కడే ఆలోచించాలి. అది న్యాయమైన ప్రశ్న. జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది కదా అనీ అంటారు. రావడం మంచిదే. అయితే అయిదు వేల జనాభాకు, ఏజెన్సీలో మూడు వేలకు ఒకటి చొప్పున ఉండే ఉపకేంద్రంలో రోజంతా కూర్చునే మనిషి కావాలి, ఆ మనిషి వెనక డాక్టరు ఉండాలి. డాక్టరు లేకుండా ఆ మనిషి మాత్రమే ఉంటే అభ్యంతరం నిజమవుతుంది. ఆర్‌ఎంపీలకు నాలుగు తరగతులు చెప్పి ఈ పేరు తగిలించడం కూడా దీనికి జవాబు కాదు. వాళ్లతో తగాదా పెట్టుకోవడం కన్నా స్టెరాయిడ్ సూదులు మానిపించి, ఎవరిని త్వరగా పంపాలో వాళ్లకూ చెప్పడం మేలు.

మొదటి ఏడాది

కోర్సు అయిపోయిన రోజు శిక్షణ అయిపోయినట్టు లెక్కవేయడమే ఈ కార్యక్రమాలను ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఒక వైద్యాధికారికి నలుగురైదుగురు మించకుండా అప్పగించాలి. వారానికి ఒక పూట ఆ డాక్టరు స్వయంగా వెళ్లి, పంపిన కేసులన్నీ, ఉంచిన వాటిలో ఏవైనా పది రిజిస్టరు తెరిచి చూడాలి. పంపిన కేసులే చూస్తే ఉపయోగం సగమే, ప్రమాదం ఉంచిన వాటిలో దాగి ఉంటుంది. మొదటి ఆరు నెలలు మందుల జాబితాను మూడు వరసలుగా విడదీయాలి: అడగక్కర్లేనివి, ఇచ్చి అదేరోజు చెప్పాల్సినవి, అడిగాకే ఇవ్వాల్సినవి. మోటార్‌సైకిల్ పెట్రోలు, సిగ్నల్ దొరికే సిమ్, సోలార్ బ్యాటరీ వంటివి బడ్జెట్‌లో విడి పద్దుగా ఉండాలి. ఇతర ఖర్చులు అన్న పద్దులో కలిపితే మొదట కోత పడేది వాటికే. జీతం, ప్రమోషన్ దారి, ఉండటానికి గది లేకపోతే రెండేళ్లలో హనుమకొండ నర్సింగ్ హోంలకు వెళ్లిపోతారు. తప్పు వాళ్లది కాదు.

పై ఆసుపత్రి నుంచి చీటీ వెనక్కి రావాలి. "మీరు పంపిన బిడ్డకు న్యుమోనియా కాదు, గుండె జబ్బు", "మీరు ఉంచిన ఆమె మూడు రోజుల తర్వాత మా దగ్గరికి వచ్చింది" అన్న రెండు వాక్యాలు చాలు. ఏడాది చివర ప్రతి ఫిజీషియన్ అసిస్టెంట్ విషయంలో మూడు అంకెలు తీయాలి: పంపినవాళ్లలో అదేరోజు తిరిగి ఇంటికి వచ్చినవాళ్లు, ఉంచినవాళ్లలో వారంలోపు వేరే ఆసుపత్రిలో చేరినవాళ్లు, పంపమన్నా వెళ్లనివాళ్లు. మొదటి అంకె బాగా పెరిగితే భయం, రెండోది పెరిగితే అతినమ్మకం. మూడోది పెరిగితే లోపం ఎక్కువగా బండిలోనో, డబ్బులోనో, భాషలోనో ఉంటుంది. ఈ అంకెలను జిల్లా అధికారి దగ్గరికి పంపేముందు ఆ ఫిజీషియన్ అసిస్టెంట్ చేతికే ఇవ్వాలి, డాక్టరు పక్కన కూర్చుని, రిజిస్టరు ముందు పెట్టుకుని.